కొండ కథను పల్లానికి వినిపించిన బుర్రకథ నాజర్



ఈ సంచికలో మన పెద్దల గురించి, మన పాటల గురించి, మన ఆటల గురించి చాలామంది రాశారు. నేను రాస్తున్న మనిషి మన తెగల్లో పుట్టినవాడు కాదు. యానాది కాదు, ఎరుకల కాదు, సుగాలీ కాదు, చెంచూ కాదు. దూదేకుల ముస్లింల ఇంట పుట్టి, తెలుగులో పాడి, తెలుగు నేలంతా తిరిగిన మనిషి. పేరు షేక్ నాజర్. బుర్రకథ నాజర్ అంటే మీ ఇంట్లో తాతయ్యకో నానమ్మకో వెంటనే గుర్తొస్తుంది. అడిగి చూడండి.

మన సంచికలో ఆయనకు చోటెందుకు అంటే, మన్యం కొండల్లో మనలాంటివాళ్లు చేసిన తిరుగుబాటును డెబ్బయ్యేళ్ల కిందట సినిమా తెర మీదికి తెచ్చి, కొండవాళ్ల పక్షాన నిలబడి చెప్పినవాడాయన. తెర మీద ఆయన కనిపించింది కాసేపే. ఆ కాసేపట్లో ఏం చెప్పాడన్నదే మనకు ముఖ్యం. దాని గురించి చెప్పే ముందు మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

అద్దంకి రాయి చెప్పే కథ

మన అద్దంకి పేరు తెలుగు సాహిత్యం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన శాసనం ఇక్కడే దొరికింది. క్రీస్తు శకం 848 ప్రాంతానిదని పండితులు తేల్చారు. అందులో పద్యం ఉంది. నన్నయ భారతం కంటే సుమారు రెండువందల ఏళ్ల ముందు రాయి మీద చెక్కిన తెలుగు పద్యం అది. ఛందస్సు తరువోజ. ఆడవాళ్లు వడ్లు దంచుతూ పాడుకునే పాటలకు దగ్గరి ఛందస్సు అంటారు. ఇంత గొప్ప రాయి మన ఊళ్లో దొరికిందని చెప్పుకోవడం మనకు గర్వమే.

అయితే ఆ పద్యంలో ఉన్న సంగతి ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? పండరంగడు బోయ కొట్టాలు పన్నెండింటిని గెలుచుకున్నాడని అందులో ఉంది. బోయలు అంటే అడవినీ వేటనూ నమ్ముకుని, తమ నాయకుల కింద తాము బతికిన జనం. వాళ్ల కొట్టాలు పోయాయి, సేనాని పేరు రాతి మీద నిలిచింది. గెలిచినవాడు రాయించిన కథ కాబట్టి ఓడినవాళ్లు ఏమనుకున్నారో అందులో లేదు. వాళ్లకూ పాటలు ఉండే ఉంటాయి. చెక్కించడానికి రాయీ, చెక్కేవాడూ వాళ్ల చేతిలో లేరు.

అడవి జనం గురించి మన ఊరి పాత తెలుగు పద్యం ఓడించినవాళ్ల వైపు నుంచి చెప్పింది. వెయ్యేళ్లు గడిచాక ఇదే మైదానపు మనిషి ఒకడు అడవి జనం గురించి వాళ్ల వైపు నుంచి చెప్పాడు. నాజర్ కథను ఈ రెండో చివర నుంచి చూడమని నా మనవి.

పొన్నెకల్లు పిల్లవాడు

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. తాడికొండకు దగ్గరి ఊరు. అప్పట్లో మన అద్దంకి కూడా గుంటూరు జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మనమూ వాళ్లూ ఒకటే జిల్లా. ఆ పత్తి చేలూ, ఆ మిరప కళ్లాలూ, ఆ నల్లరేగడి బురదా మనకు తెలిసినవే.

దూదేకులవాళ్ల పని పేరులోనే ఉంది. పత్తి నుంచి గింజ తీశాక, పెద్ద విల్లు పట్టుకుని దాని నారిని కొడుతూ దూదిని పొరలు పొరలుగా విడదీసేవాళ్లు. ఆ దూదితో పరుపులు కుట్టేవాళ్లు. ఇంటింటికీ తిరిగి చేసే పని. మరమిల్లులు వచ్చాక ఆ బతుకు కరిగిపోయింది. ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. వాళ్లలో చాలా కుటుంబాలకు సన్నాయి, డోలు విద్య ఉంది. పెళ్లికీ గుడి ఉత్సవానికీ మేళం వాళ్లదే. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా ఆ సంప్రదాయం నుంచి వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. పనికి కావాలి, మేళానికి కావాలి, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మాత్రం వద్దు అన్న ధోరణి వాళ్లకు బాగా తెలుసు. మనకూ తెలుసు.

నాజర్ ఇంట్లో పేదరికం. బడి చదువు నిండుగా సాగలేదు. కానీ గొంతు ఉంది. చిన్ననాడే ఆ గొంతు విన్న ఖాదర్ అనే హార్మోనిస్టు ఆ పిల్లవాణ్ని నాటకాల్లోకి తీసుకువెళ్లాడు. ఆ రోజుల్లో గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో పిల్లలతోనే నాటకాలు ఆడించే సమాజాలు ఉండేవి. బాలమిత్ర సభ, బాలరత్న సభ లాంటి పేర్లతో నడిచేవి. పౌరాణిక నాటకాల్లో పద్యం పాడగల పిల్లలకు వాటిలో గిరాకీ. నాజర్ పాదుకా పట్టాభిషేకంలో కైకేయి లాంటి ఆడవేషాలు కట్టాడు. ముస్లిం పిల్లవాడు కైకేయిగా నిలబడి రాగం తీస్తుంటే ఊరు ఊరంతా నోరు తెరుచుకుని వినేది.

ఇంకా బాగా పాడాలన్న పట్టుదలతో నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యగారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. మధ్యలో బతుకు గడవక పాట వదిలేసి దర్జీ పని కూడా నేర్చుకున్నాడు. తమ్ముళ్లూ, ఈ సంగతిని గట్టిగా పట్టుకోండి. తరవాత పద్మశ్రీ అందుకున్న మనిషి ఒకప్పుడు కుట్టుమిషను ముందు కూర్చుని, ఇక పాట మన వల్ల కాదులే అనుకునే స్థితికి వచ్చాడు. మళ్లీ లేచాడు. పిల్లలకు పాటలు నేర్పుతూ, నాటకాలు ఆడుతూ తన దారి వెతుక్కున్నాడు.

బుర్రకథ ఎవరి సొత్తు

నాజర్‌కు పేరు తెచ్చిన బుర్రకథ రాజుల కొలువుల్లో పుట్టిన కళ కాదు. ఊరూరా తిరిగి కథ చెప్పి, గుప్పెడు గింజలు తీసుకుని బతికిన జంగాల కథ దానికి తల్లి. సొరకాయ బుర్రతో చేసిన తంబుర భుజాన వేసుకుని వీరుల కథలు చెప్పేవాళ్లు. ఆ బుర్ర నుంచే పేరు వచ్చిందంటారు. తెలంగాణలో శారదకాండ్రు చెప్పే శారదకథ దీనికి చుట్టమే. అంటే ఇది సంచార జాతుల విద్య. అడుక్కునేవాళ్ల పాట అని చిన్నచూపు చూడబడ్డ విద్య.

చూడనివాళ్ల కోసం చెబుతాను. బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో కథకుడు. భుజాన తంబుర, చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, తలకు పాగా. ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తూ పాడతాడు, మాట్లాడతాడు, ఏడుస్తాడు, గర్జిస్తాడు. అటూ ఇటూ డక్కీలు పట్టుకున్న వంతలు ఇద్దరు. ఒకరిది హాస్యం. రెండోవారిది రాజకీయం, అంటే పాత కథకు ఈనాటి సంగతి జోడించి ప్రశ్న వేయడం. పల్నాటి యుద్ధం నడుస్తుంటే మధ్యలో ఆపి, మరి మన ఊళ్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటి అని అడగడానికి అందులో చోటుంది. మన తెలుగు కళల్లో ఈ చోటును ఇంత సూటిగా వాడుకున్నవి తక్కువ.

1940 తరవాతి రోజుల్లో ఈ చోటు విలువ కమ్యూనిస్టు ఉద్యమం గుర్తించింది. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. రైతు కష్టం మీద సుంకర సత్యనారాయణగారు కష్టజీవి బుర్రకథ రాశారు. గుంటూరు జిల్లాలో నాజర్ కథకుడిగా, వేపూరి రామకోటి, పురుషోత్తం వంతలుగా దళం తయారైంది. పాత జంగం కథకు నాజర్ తను నేర్చిన శాస్త్రీయ సంగీతాన్ని, నాటకాల్లో నేర్చిన అభినయాన్ని జోడించాడు. మూడు రకాల చదువు ఒకే గొంతులో కలిసింది. అందుకే ఆయన్ని బుర్రకథ పితామహుడు అన్నారు. బుర్రకథను ఆయన పుట్టించలేదు. కొత్త ఒడ్డూ పొడుగూ ఇచ్చాడు.

కరువు కథ, పల్నాటి కథ

1943లో బెంగాల్‌లో భయంకరమైన కరువు వచ్చింది. లక్షల మంది చనిపోయారు. ఇక్కడి పల్లెల్లో బెంగాల్ ఎక్కడుందో కూడా చాలామందికి తెలియదు. నాజర్ దళం ఆ కరువును బుర్రకథగా చెప్పింది. కథ విన్న జనం తమకున్నదాంట్లో చందా వేశారు. పత్రిక చదవలేని ఊరికి ఇంకో రాష్ట్రపు ఆకలిని తెలియజేసింది మూడు గొంతులూ రెండు డక్కీలూ.

తరవాత పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ. పల్నాటి యుద్ధం ఆయన చెబితేనే వినాలి అనేవాళ్లు. ఆ కథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది. కులం చూడకుండా అందరూ ఒకే వరసలో కూర్చుని తినడం. మాల కన్నమదాసు సైన్యాన్ని నడిపించడం ఉంది. బాలచంద్రుడి వీరత్వం అందరూ చెప్పేదే. ఏ గ్రామంలో విడి గ్లాసులు ఉన్నాయో ఆ గ్రామంలోనే చాపకూడు ఘట్టం చెప్పడానికి గుండె కావాలి. పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో, పెద్దకాపులు ముందు వరసలో, పాలేళ్లు వెనక కటిక నేల మీద కూర్చుని అందరూ ఒకే కథ వింటున్నప్పుడు ఆ మాటలు ఎవరికి ఎలా తగిలి ఉంటాయో మీరు ఊహించుకోగలరు.

ఇలాంటి కథలు పాలకులకు నచ్చవు. బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించిన సందర్భాలున్నాయి. 1940ల చివర కమ్యూనిస్టుల మీద నిర్బంధం పెరిగాక ప్రజానాట్యమండలి కళాకారులు చెల్లాచెదురయ్యారు. కొందరు జైళ్లకు పోయారు, కొందరు అజ్ఞాతానికి, కొందరు బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు సినిమా స్టూడియోలకు.

తెర మీద అతిథి

ప్రజానాట్యమండలిని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు సినిమా తీశారు. నటి జమున తొలి చిత్రం అది. అందులో నాజర్ బుర్రకథ ఉంది. మరుసటి ఏడు, 1954లో, అగ్గిరాముడు వచ్చింది. ఎన్టీ రామారావు, భానుమతి నటించిన చిత్రం. తమిళంలో ఎంజీఆర్ నటించిన మలైక్కళ్లన్‌కు తెలుగు రూపం. మలైక్కళ్లన్ అంటే కొండదొంగ అని అర్థం. అలాంటి సినిమాలో నాజర్ దళం వచ్చి అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పింది.

ఇక్కడ ఆగి లెక్క చూడండి. సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపింది 1924 మే 7న. అగ్గిరాముడు వచ్చేసరికి ముప్పై ఏళ్లు. కృష్ణగారు తీసిన అల్లూరి సీతారామరాజు సినిమా రావడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. ఆ మధ్యకాలంలో టూరింగ్ టాకీసుల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న లక్షల మందికి మన్యం తిరుగుబాటు వినిపించింది ఒక దూదేకుల మనిషి గొంతులో.

ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో మీకు తెలియాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తరవాత పోడు చేసుకోవడం నేరమైంది. కట్టెలూ కాయలూ తెచ్చుకోవడానికి అడ్డంకులు వచ్చాయి. కొండల్లో రోడ్లు వేయడానికి గూడెం జనాన్ని నామమాత్రపు కూలికి, కొన్నిసార్లు అదీ లేకుండా, వెట్టికి దించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. తుపాకులు తీసుకున్నారు. రెండేళ్లు మన్యం నిలబడింది.

ప్రభుత్వ కాగితాల్లో వాళ్లకు ఫితూరీదార్లని పేరు. ఎరుకలవాళ్లనూ ఇంకా అనేక జాతులనూ పుట్టుకతో నేరస్తులని రాసిన చట్టం కూడా అప్పట్లో అమల్లోనే ఉంది. 1871లో మొదలైన ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చట్టం నీడలో పుట్టిన ఊరు. అంటే అగ్గిరాముడు విడుదలైన నాటికి ఆ మచ్చ కాగితం మీద పోయి రెండేళ్లే. మనసుల్లోంచి పోలేదు. అలాంటి కాలంలో, చట్టం కంట దొంగలైన కొండ జనం అసలు వీరులని తంబుర మీటి చెప్పడం చిన్న సంగతి కాదు.

సినిమాలో నాజర్ హీరో కాదు. హీరో స్నేహితుడూ కాదు. కథలో ఒక సందర్భానికి వచ్చి, తన విద్య చూపించి వెళ్లిపోయే అతిథి. అయినా కొన్ని నిమిషాల వేషాన్ని ఆయన తన వేషంలాగే వేశాడు. పాగా, గజ్జెలు, తంబుర, పక్కన వంతలు. ఊరి కళ్లంలో ఎలా చెబుతాడో తెర మీదా అలాగే. సినిమా ఆయన్ని మార్చుకోలేదు. ఆయన కోసం సినిమాయే కాసేపు కథ ఆపి కూర్చుంది. నిలువు దోపిడి, పెత్తందార్లు చిత్రాల్లోనూ ఆయన కథ వినిపించింది.

ఇంకో దేశంలో ఇంకో తంబుర

నాజర్ కంటే ఒక్క ఏడాది ముందు, 1919లో, అమెరికాలో పీట్ సీగర్ అనే గాయకుడు పుట్టాడు. బాంజో వాయిస్తూ పాడేవాడు. మొదట్లో బాంజోను సొరకాయ బుర్రతోనే చేసేవాళ్లు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో పుట్టిన వాద్యం అది. సీగర్ కూలీల సంఘాల దగ్గర పాడాడు, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పాడాడు. వామపక్షవాదని 1950ల్లో ప్రభుత్వం వెంటపడింది. పెద్ద టీవీ చానళ్లు ఏళ్ల తరబడి ఆయన్ని రానివ్వలేదు.

అప్పుడు సీగర్ చేసిన పని చూడండి. పెద్దలు తలుపు మూస్తే పిల్లల దగ్గరికి వెళ్లాడు. బడుల్లో, వేసవి శిబిరాల్లో, కాలేజీల్లో పాడాడు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆయన పాటలు వాళ్లతోపాటు పెరిగాయి. తరవాత సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమమే ఆయన్ని అతిథిగా పిలిచింది. అక్కడికీ బాంజోతోనే వెళ్లాడు.

మనకు టీవీ ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది 1977లో. అంతకుముందు తెలుగు పిల్లలకు రేడియోయే అన్నీ. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు బాలానందం పేరుతో మొదట మద్రాసులో, తరవాత హైదరాబాదులో పిల్లలను మైకు ముందు నిలబెట్టి వాళ్లచేతే పాడించారు, ఆడించారు. చిన్నప్పుడు ఒక్కసారి మైకు ముందు నిలబడ్డ పిల్లకు తరవాత ఏ సభ చూసినా భయం ఉండదు.

నాజర్ జీవితం కూడా ఇదే చెబుతుంది. పిల్లల నాటక సమాజం లేకపోతే ఆయన లేడు. ఒక హార్మోనిస్టు ఒక పేద పిల్లవాడి గొంతు విని ఊరుకోకుండా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లడం వల్ల మనకు నాజర్ దక్కాడు. ఆయన కూడా ఆ బాకీ తీర్చుకున్నాడు. ఎంతోమందికి బుర్రకథ నేర్పాడు. ఆడపిల్లలూ కథకులుగా నిలబడ్డారు. కుటుంబ నియంత్రణ, పొదుపు లాంటి ప్రభుత్వ ప్రచారాలకు కూడా తరవాత బుర్రకథనే వాడుకున్నారంటే, ఒకప్పుడు నిషేధించిన కళ మీద పాలకులకు ఎంత గురి కుదిరిందో చూడండి.

పింజారి

1986లో భారత ప్రభుత్వం నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చింది. దర్జీ పని చేసిన చేతికి రాష్ట్రపతి భవన్ బిరుదు అందింది.

కానీ నాకు బిరుదు కంటే ఆయన పుస్తకం పేరు గొప్పగా కనిపిస్తుంది. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తిగారు రాసిన ఆత్మకథ ఒకటి ఉంది. దాని పేరు పింజారి. దూదేకులవాళ్లకు ఆ పేరూ ఉంది. మన వాడుకలో అది తిట్టుగా మారిపోయింది. ఎవరినైనా నీచంగా అనాలంటే ఆ మాట వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పద్మశ్రీ నాజర్ అనో, కళాతపస్వి అనో పెట్టుకోవచ్చు. జీవితమంతా తన వెనక వినిపించిన తిట్టునే పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చేయించారు. ఆ పుస్తకం కావాలంటే కొట్టువాడినైనా, లైబ్రరీలోనైనా ఆ పేరు గౌరవంగా అడగాల్సిందే.

మన పిల్లల్లో చాలామంది హాస్టల్లో, కాలేజీలో తెగ పేరు చెప్పడానికి వెనకాడతారు. సర్టిఫికెట్ అవసరమైన రోజు మాత్రం చెప్పి, మిగతా రోజులు దాచుకుంటారు. నేను తప్పు పట్టను. మన తెగల పేర్లు కూడా తిట్లుగా వాడే నోళ్లు ఉన్నాయి కాబట్టే ఆ వెనకడుగు. సోది చెప్పే అవ్వ బుట్ట పట్టుకుని వీధిలో ఎదురైతే, స్నేహితుల ముందు ఆమె మనకు తెలియనట్టు పక్కకు తిరిగిన రోజు మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆమె నోట ఉన్న పాట ఎన్ని తరాలదో ఆ క్షణంలో మనకు తట్టదు.

1997 ఫిబ్రవరిలో, డెబ్బయ్యేడేళ్ల వయసులో నాజర్ కన్నుమూశారు. ఆయన పేరు చెబితే ఇవాళ ఎవరూ తిట్టు గుర్తు చేసుకోరు.

మిగిలిపోయిన పని

నాజర్‌ను మెచ్చుకుని ఇక్కడితో ముగించవచ్చు. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన చెప్పిన మన్యం కథకు నాయకుడు సీతారామరాజు. ఆ వీరుడికి చేతులెత్తి నమస్కరిద్దాం. ఆయన గిరిజనుడు కాదు. ఆయన వెంట నడిచి, ఆయన చనిపోయాక కూడా పోరాడిన గాం గంటందొర 1924 జూన్‌లో ప్రాణమిచ్చాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకు పోయాడు. తిరిగి వచ్చి, స్వతంత్ర భారతంలో 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఉరికొయ్య దాకా వెళ్లి పార్లమెంటులో కూర్చున్న గిరిజనుడు! ఈ అన్నదమ్ముల పేర్లు మీలో ఎంతమంది విన్నారు? వాళ్ల మీద బుర్రకథ ఎక్కడైనా చూశారా?

పండరంగడి శాసనం మన గురించి ఓడించినవాడి మాట. నాజర్ బుర్రకథ మన గురించి స్నేహితుడి మాట. స్నేహితుడి మాటకు రుణపడి ఉందాం. మన మాట మనమే చెప్పుకునే మూడో మెట్టు ఎక్కాల్సింది మీరు.

ఇవాళ మీకు రాయి అక్కర్లేదు, స్టూడియో అక్కర్లేదు. జేబులో ఫోన్ ఉంది. కాబట్టి మూడు పనులు అడుగుతున్నాను.

మొదటిది, ఈ సెలవుల్లో మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని ఒక్క పాటయినా, ఒక్క కథయినా రికార్డు చేయండి. వాళ్ల అనుమతి అడగండి. పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా వాళ్ల గొంతులోనే చెప్పించండి. మన భాషలోని మాటలకు అర్థం అడిగి రాసుకోండి. ఎరుకల మాటా, లంబాడీ మాటా ఇళ్లల్లో తగ్గిపోతున్నాయి. పాటతోపాటు భాషా మిగులుతుంది.

రెండోది, ముగ్గురు కలవండి. ఒకరు కథ, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. గంటందొర, మల్లుదొరల కథ పావుగంట బుర్రకథగా కట్టండి. తంబుర లేకపోతే గిటారు, డక్కీ లేకపోతే డప్పు. నాజర్ కూడా జంగం కథను ఉన్నదున్నట్టు ఉంచలేదు, తనకు వచ్చింది కలిపాడు. శింగరకొండ తిరునాళ్లలో ప్రభల ముందు లక్షల మంది చేరతారు. ఆ రాత్రుల్లో ఎన్నో పాటలు మోగుతాయి. వాటి మధ్య ఒక్క అరుగు మీదయినా మన కథ వినిపించాలని నా కోరిక.

మూడోది, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం నాడు మనల్ని పిలిచేవాళ్లు ఉంటారు. ఈకలు పెట్టుకోమంటారు, ఆకులు కట్టుకోమంటారు, రెండు నిమిషాలు చిందు వేయించి, చప్పట్లు కొట్టి పంపేస్తారు. వెళ్లొద్దని చెప్పను. వెళ్లండి. కానీ వెళ్లే ముందు అగ్గిరాముడులో నాజర్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. ఆయనకూ ఇచ్చింది కాసేపే. ఎవరి వేషమో వేసుకోకుండా తన వేషంతోనే వెళ్లి, చెప్పదలచుకున్న కథ చెప్పి వచ్చాడు. మీకిచ్చే రెండు నిమిషాల్లో మీ పేరు, మీ తెగ పేరు, మీ పాట ఎవరిదో తలెత్తి చెప్పి రండి.

పొన్నెకల్లు పిల్లవాడి గొంతును ఒక హార్మోనిస్టు విన్నాడు. మన పేటల్లోనూ అలాంటి గొంతులు ఉన్నాయి. వినపడితే ఊరుకోకండి. చెయ్యి పట్టుకుని తీసుకురండి. మన సంఘం గుమ్మం తెరిచే ఉంటుంది.

బుర్రకథ నాజర్‌గారికి మన సంఘం తరఫున నివాళి.